పీవీ చెప్పినవి, చెప్పకుండా చేసినవి

వ్యాఖ్యాత: నమస్కారం సార్. పీవీ నరసింహారావు గారి పేరు ఎత్తగానే మనవాళ్లు ఆర్థిక సంస్కరణలు అంటారు, అక్కడితో ఆపేస్తారు. భూమి, పరిశ్రమలు, విదేశాంగం, అణ్వస్త్రాలు, వీటన్నిటి మీదా ఆయన వైఖరి ఏమిటో ఈ రోజు మీతో మాట్లాడాలని ఉంది. ఎక్కడ మొదలుపెడదాం?

అతిథి: 1991లో కాదమ్మా, 1972లో మొదలుపెట్టాలి. ముఖ్యమంత్రిగా ఉండగా ఆయన భూసంస్కరణలను నెత్తికెత్తుకున్నారు. ఐదుగురున్న కుటుంబానికి నేల రకాన్ని బట్టి మాగాణి అయితే 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు దాటరాదన్న బిల్లును శాసనసభ చేత ఆమోదింపజేశారు. సభలో కూర్చున్నవారిలో ఎందరో భూస్వాములు. ఆ మాటకొస్తే పీవీ కూడా వంగరలో భూస్వామి కుటుంబానికి దత్తు వెళ్లినవారే. అక్టోబరులో ముల్కీ నిబంధనలు, అంటే తెలంగాణలో ఉద్యోగాలు స్థానికులకే అన్న పాత నియమాలు, చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు చెప్పినప్పుడు, ఇక అదే అంతిమమన్నట్టు ఆయన బహిరంగంగా మాట్లాడారు. ఆంధ్ర ప్రాంతాన్ని ప్రత్యేక రాష్ట్రం చేయాలన్న జై ఆంధ్ర ఉద్యమం భగ్గుమంది, 1973 జనవరికల్లా పదవి పోయింది, రాష్ట్రపతి పాలన వచ్చింది. ఆ భూపరిమితి చట్టం అమలులోకి వచ్చింది 1975 జనవరి 1న, అంటే ఆయన దిగిపోయిన రెండేళ్లకు.

వ్యాఖ్యాత: ఆ దెబ్బతో మనసులో మాట బయటపెట్టడం మానేశారంటారా?

అతిథి: ఇది నా ఊహ మాత్రమే, ఆయన చెప్పినమాట కాదు. కానీ ప్రధాని అయ్యాక 1991 జులై 24న జరిగిన తీరు చూస్తే మీకూ అదే అనిపిస్తుంది. విదేశీ మారకద్రవ్యం రెండు మూడు వారాల దిగుమతులకు మించి లేని రోజులవి. రూపాయి విలువను జులై 1న ఒకసారి, 3న మరొకసారి తగ్గించారు. రిజర్వు బ్యాంకు సుమారు 47 టన్నుల బంగారాన్ని విదేశాల్లో తాకట్టు పెట్టింది. బంగారం కుదువపెట్టడమంటే మన ఇళ్లలో ఎంత తలవంపులో చెప్పనక్కరలేదు. ఇక 24వ తేదీన మన్‌మోహన్ సింగ్ బడ్జెట్ ప్రవేశపెట్టడానికి కొద్ది గంటల ముందు, కొత్త పారిశ్రామిక విధాన ప్రకటనను లోక్‌సభ ముందుంచారు. పరిశ్రమల శాఖ ప్రధాని చేతిలోనే ఉంది, అయినా ఆయన లేచి చదవలేదు, సహాయమంత్రి పి.జె. కురియన్ చేత ఆ పని కానిచ్చారు. మరునాడు స్టాఫ్‌రూంలో పత్రిక చేతికందితే మేమంతా బడ్జెట్ గురించే, ముఖ్యంగా ఎరువుల ధర గురించే కొట్లాడుకున్నాం. పారిశ్రామిక విధానం మా కంట పడనేలేదు.

వ్యాఖ్యాత: కంట పడని ఆ ప్రకటనలో ఏముంది సార్?

అతిథి: అంతవరకు లైసెన్సులో రాసిన పరిమాణానికి మించి సరుకు తయారుచేయడం ఒక తప్పు. యంత్రం ఉంది, పనివాడు ఉన్నాడు, కొనేవాడూ ఉన్నాడు, అయినా ఢిల్లీ నుంచి కాగితం వచ్చేదాకా ఆగాలి. ఆ ఒక్క ప్రకటనతో 18 పరిశ్రమలకు తప్ప మిగతావాటికి లైసెన్సు అక్కరలేకుండా పోయింది. ప్రాధాన్య రంగాల్లో 51 శాతం దాకా విదేశీ పెట్టుబడికి దారి తెరుచుకుంది. తమాషా ఏమిటంటే, మంత్రివర్గంలో అభ్యంతరాలు రావడంతో దానికొక పీఠిక జోడించారు. నెహ్రూ, ఇందిర, రాజీవ్‌ల బాటలోనే నడుస్తున్నామని అందులో చెప్పుకున్నారు. సరుకు కొత్తది, సంచి పాతది. మరుసటి ఏడాది తిరుపతి కాంగ్రెస్ మహాసభలోనూ ఆయన మధ్యేమార్గమనే వాదించారు.

వ్యాఖ్యాత: అది కేవలం పైపూతేనా?

అతిథి: కాదు, కొంత నిజమైన నమ్మకమే. ప్రభుత్వ సంస్థల్లో కొంత వాటా అమ్మారే తప్ప వాటిని ప్రైవేటు చేతుల్లో పెట్టలేదు. ప్రైవేటు బ్యాంకులకు కొత్తగా అనుమతి వచ్చింది కానీ ప్రభుత్వ బ్యాంకులు ప్రభుత్వానివిగానే ఉండిపోయాయి. ఎరువుల ధర 40 శాతం పెంచుతామని బడ్జెట్లో చెప్పి, గగ్గోలు పుట్టగానే 30కి దించి, చిన్న సన్నకారు రైతులను మినహాయించారు. చదువు విషయంలో మాత్రం ఏ మొగమాటమూ లేదు: 1971లో అప్పటి నల్లగొండ జిల్లా సర్వేల్‌లో గురుకులం పెట్టించిన మనిషే, కేంద్రంలో విద్యాశాఖ చూస్తూ నవోదయ విద్యాలయాలకు ప్రాణం పోశారు.

వ్యాఖ్యాత: విదేశాంగంలోనూ ఇదే పద్ధతి కనిపిస్తుందా?

అతిథి: ఇజ్రాయెల్ ఉదంతం చూడండి. 1992 జనవరిలో పాలస్తీనా నాయకుడు అరాఫత్ ఢిల్లీ వచ్చి వెళ్లారు. ఆ నెల 29నే ఇజ్రాయెల్‌తో పూర్తిస్థాయి దౌత్య సంబంధాలను ప్రకటించారు. పాత మిత్రుడిని పలకరించి పంపాకే కొత్త గడప తొక్కారన్నమాట. 1993 సెప్టెంబరులో చైనాతో కుదిరిన ఒప్పందమూ అటువంటిదే. సరిహద్దు ఎక్కడన్న పేచీ తేలకపోయినా, వాస్తవాధీన రేఖ (ఇరుదేశాల అధీనంలోని ప్రాంతాలను విడదీసే గీత) వెంబడి శాంతి ఉండాలని రెండు దేశాలూ సంతకాలు చేశాయి.

వ్యాఖ్యాత: మరి 1992 డిసెంబరు 6న అయోధ్యలో బాబ్రీ మసీదు కూల్చివేత?

అతిథి: అక్కడే ఈ మౌనం బెడిసికొట్టింది. మసీదును కాపాడతామని ఉత్తరప్రదేశ్‌లోని కల్యాణ్ సింగ్ బీజేపీ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు ఇచ్చిన హామీని నమ్మి, ముందుగా రాష్ట్రపతి పాలన పెట్టకుండా ఆగారు. రాజ్యాంగం ప్రకారం అందుకు ఆయన చెప్పిన కారణాలు నేను చదివాను, నాకు సరిపోలేదు. మసీదు కూలిన తరువాత ఉత్తరప్రదేశ్‌తోపాటు మరో మూడు బీజేపీ ప్రభుత్వాలను తొలగించారు, విచారణకు లిబర్హాన్ కమిషన్ వేశారు, కానీ జరగవలసిన నష్టం జరిగిపోయింది. లైసెన్సుల వ్యవహారంలో ఎదుటివాడు ఏమరుపాటుగా ఉన్నప్పుడు పని చక్కబెట్టవచ్చు. జనం గుమిగూడిన చోట, ఏమరుపాటు మనదే అయితే, కూడగట్టుకునే సమయముండదు.

వ్యాఖ్యాత: చివరగా, అణుపరీక్షల సంగతి చెప్పండి.

అతిథి: 1995లో అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందాన్ని శాశ్వతంగా పొడిగించినప్పుడు కూడా భారతదేశం సంతకం పెట్టలేదు. ఆ డిసెంబరులో రాజస్థాన్‌లోని పోఖ్రాన్‌లో అణుపరీక్షకు సన్నాహాలు సాగుతుండగా అమెరికా ఉపగ్రహాలు పసిగట్టాయి, ఒత్తిడి వచ్చింది, పరీక్ష జరగలేదు. వద్దనుకున్నారా, వాయిదా వేశారా అని పండితులు నేటికీ తర్జనభర్జన పడుతున్నారు. 1996లో తాను ప్రధాని అయినప్పుడు బాంబు సిద్ధంగా ఉందని పీవీ తనకు తెలియజేశారని వాజపేయి వెల్లడించారు. వెల్లడించింది 2004 డిసెంబరులో, పీవీ కన్నుమూసిన తరువాత.