ఒకే సీసా, ఐదు సంఖ్యలు: ద్రావణం గాఢతను లెక్కించడం

[తెరపై: బల్లమీద గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం సీసా. చీటీ మీద ముద్రించిన 98 శాతం, సాంద్రత 1.84 అన్న వివరాలు దగ్గరగా కనిపిస్తాయి.]

నమస్కారం. ఈ సీసాలోని ఆమ్లం గాఢత ఎంత అని అడిగితే 98 అని చెప్పవచ్చు, 18.4 అనవచ్చు, 36.8 అనవచ్చు, 500 అనవచ్చు, చివరకు 0.9 అని కూడా అనవచ్చు. ఈ ఐదూ సరైన జవాబులే. సీసాలోని ఆమ్లమూ నీరూ ఎప్పటిలాగే ఉన్నాయి, దేన్ని దేనితో భాగించామన్నదే ఒక్కో జవాబుకూ మారింది. గాఢత లెక్కల్లో పొరపాట్లు ఎక్కువగా దొర్లేది హారం దగ్గరే గనుక, ఈ పాఠమంతా హారాన్నే పట్టుకుని నడుద్దాం.

98 శాతం అంటే 100 గ్రాముల ద్రావణంలో 98 గ్రాముల ఆమ్లం, 2 గ్రాముల నీరు ఉన్నాయని అర్థం. ఇక్కడ హారం మొత్తం ద్రావణం ద్రవ్యరాశి. అయితే శాతం అన్న ప్రతిచోటా ఇదే అర్థమని అనుకోకూడదు. ఆసుపత్రిలో ఎక్కించే 0.9 శాతం సెలైన్‌లో హారం ఘనపరిమాణం: 100 మిల్లీలీటర్లకు 0.9 గ్రాముల ఉప్పు, అంటే లీటరుకు 9 గ్రాములు.

[తెరపై: 1840 × 0.98 ÷ 98 = 18.4]

ఇప్పుడు మొలారిటీ, అంటే ఒక లీటరు ద్రావణంలో ఉన్న ద్రావితం (కరిగిన పదార్థం) మోల్‌ల సంఖ్య. పదార్థం అణుభారం ఎంతో అన్ని గ్రాములు తీసుకుంటే అది ఒక మోల్. మిల్లీలీటరుకు 1.84 గ్రాముల చొప్పున లీటరు ఆమ్లం 1840 గ్రాములు తూగుతుంది. అందులో 98 శాతం, అంటే సుమారు 1803 గ్రాములు, అసలైన సల్ఫ్యూరిక్ ఆమ్లం. దాన్ని అణుభారం 98తో భాగిస్తే 18.4 మోల్‌లు వస్తాయి. శాతమూ 98, అణుభారమూ 98 కావడం కేవలం యాదృచ్ఛికం. ఈ రెంటినీ ఒకటిగా భావించి కొట్టివేసే అలవాటు చేసుకుంటే వేరే ఆమ్లాల లెక్కల దగ్గర చిక్కుల్లో పడతారు.

మొలాలిటీ దగ్గరకు రాగానే సంఖ్య ఒక్కసారిగా 500కు ఎగబాకుతుంది. పేర్ల మధ్య తేడా ఒక్క అక్షరమే అయినా, ఇక్కడ హారం ద్రావణం మొత్తం కాదు, ద్రావణి (కరిగించుకునే ద్రవం, ఇక్కడ నీరు) ఒక్కటే, అదీ కిలోగ్రాముల్లో. కిలో ద్రావణంలో ఆమ్లం 980 గ్రాములు, అంటే 10 మోల్‌లు. నీరు 20 గ్రాములు, అంటే 0.02 కిలో, 10ని 0.02తో భాగించి చూడండి. ఇంత అసహజంగా కనిపించే ఈ పద్ధతిని శాస్త్రజ్ఞులు ఎందుకు వదులుకోలేదంటే, వేడికి ద్రవం వ్యాకోచించి ఘనపరిమాణం మారినా ద్రవ్యరాశి మారదు. మరిగే ఉష్ణోగ్రత ఎంత పెరిగిందో, ఘనీభవన ఉష్ణోగ్రత ఎంత తగ్గిందో లెక్కించేటప్పుడు మొలాలిటీని వాడడానికి కారణం ఇదే.

మోల్ భాగంలో హారం అన్ని పదార్థాల మోల్‌ల మొత్తం: 10 మోల్‌ల ఆమ్లానికి 1.11 మోల్‌ల నీరు కలిపితే 11.11, కనుక జవాబు 0.9.

ఇక 36.8 అన్నది నార్మాలిటీ, అంటే లీటరు ద్రావణం ఒక చర్యలో ఎన్ని మోల్‌ల ప్రోటాన్లను లేదా ఎలక్ట్రాన్లను ఇస్తుందో, తీసుకుంటుందో చెప్పే సంఖ్య. సల్ఫ్యూరిక్ ఆమ్లం ఒక్కో అణువు తటస్థీకరణంలో రెండు ప్రోటాన్లు ఇస్తుంది కాబట్టి మొలారిటీని రెండింతలు చేశాం. నా ఉద్దేశంలో ఇది అన్నింటికన్నా జాగ్రత్తగా వాడవలసిన సంఖ్య, ఎందుకంటే ఇది సీసాకు మాత్రమే చెందదు, జరగబోయే చర్యకు కూడా చెందుతుంది. పొటాషియం పర్మాంగనేట్ ఆమ్ల మాధ్యమంలో 5 ఎలక్ట్రాన్లను, తటస్థ మాధ్యమంలో 3 ఎలక్ట్రాన్లను తీసుకుంటుంది. ఒకే ద్రావణానికి రెండు నార్మాలిటీలు ఉంటాయన్నమాట.

[తెరపై: నల్గొండ జిల్లాలోని ఒక చేతిపంపు.]

అతి పలుచని ద్రావణాలకు ఇవేవీ అనుకూలంగా ఉండవు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదని, మరో నీటివనరు లేనిచోట 1.5 వరకు అనుమతించవచ్చని భారతీయ ప్రమాణం చెబుతుంది. 1.5 మిల్లీగ్రాములను మొలారిటీలోకి మారిస్తే 0.000079 అవుతుంది, లీటరు నీరు దాదాపు కిలో తూగుతుంది కాబట్టి 1.5 పీపీఎం, అంటే పదిలక్షల భాగాల్లో ఒకటిన్నర భాగం అంటే సరిపోతుంది.

[తెరపై: కొలజాడీ, నీళ్లున్న బీకరు, వాల్యూమెట్రిక్ ఫ్లాస్కు.]

ఈ సీసా నుంచి 0.1 మొలార్ ద్రావణం ఒక లీటరు తయారుచేద్దాం. పలుచన చేసినా ద్రావితం మోల్‌లు మారవు గనుక, 0.1ని 1000తో గుణించి 18.4తో భాగిస్తే 5.43 మిల్లీలీటర్లు వస్తుంది. ముందుగా బీకరులో సగానికి పైగా స్వేదనజలం తీసుకుని, ఆమ్లాన్ని సన్నని ధారగా అందులో పోస్తూ కలపాలి. ఆమ్లంలోకి నీళ్లు పోస్తే ఆ వేడికి నీరు ఉన్నచోటనే మరిగి, ఆమ్లం కళ్లలోకి చిమ్ముతుంది. ద్రావణం గది ఉష్ణోగ్రతకు చల్లారిన తర్వాతే ఫ్లాస్కులోకి మార్చి, గీత వరకు నీటితో నింపాలి.

అయినా ఇది కచ్చితంగా 0.1 అని రాయకండి. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం గాలిలోని తేమను పీల్చుకుంటుంది, చిక్కదనం వల్ల కొంత కొలజాడీ గోడలకే అంటుకుంటుంది. అందుకే అసలు గాఢతను ఇలా సరిచూసుకోవాలి. నిర్జల సోడియం కార్బొనేట్ 0.212 గ్రాములు, అంటే 0.002 మోల్‌లు లేదా 2 మిల్లీమోల్‌లు, తూచి నీటిలో కరిగించి, చర్య పూర్తయినప్పుడు రంగు మారే మిథైల్ ఆరెంజ్ రెండు చుక్కలు వేసి, బ్యూరెట్ (కొలతగీతలున్న గాజుగొట్టం) నుంచి మన ఆమ్లాన్ని వదలండి. ఒక మోల్ కార్బొనేట్‌కు ఒక మోల్ ఆమ్లం సరిపోతుంది. గాఢత సరిగ్గా 0.1 అయితే 20 మిల్లీలీటర్ల దగ్గర రంగు మారాలి. ఒకవేళ 20.6 దగ్గర మారిందనుకోండి, 2ని 20.6తో భాగించి, ఈ పలుచని ద్రావణం నింపిన సీసా చీటీ మీద 0.0971 మొలార్ అనీ, పక్కనే ఆనాటి తేదీనీ రాయండి.