మొదటి కాంట్రాక్టు కాగితం

శ్రోతలకు నమస్కారం. విదేశంలో పనిచేసే మనవారికి యజమానితో తగువు వస్తే అక్కడి చట్టం ఎలా అక్కరకు వస్తుందో ఈ కొద్ది నిమిషాలలో చెప్పదలచాను. దేశానికొక చట్టం ఉంది కనుక అన్నిటి జోలికీ పోకుండా, చెన్నై పెరంబూరులో మా వీధిలో ఉండే ఒక ఏసీ మెకానిక్ విషయం చెబుతాను.

ఆయన 2017లో దుబాయి వెళ్లి, ఒకే కంపెనీలో ఏడేళ్లు పనిచేసి, 2024లో రాజీనామా ఇచ్చారు. బేసిక్ జీతం, అంటే భత్యాలు కలపని మూల జీతం, నెలకు 1,500 దిర్హాములు, రోజుకు 50. లెక్క తేల్చే రోజున కంపెనీవారు 2,100 దిర్హాముల చెక్కును, "నాకు రావలసినదంతా ముట్టింది" అని రాసిన కాగితాన్ని ముందు పెట్టి సంతకం చేయమన్నారు. చివరి కాంట్రాక్టు రెండేళ్లది కనుక ఆ రెండేళ్లకే గ్రాట్యుటీ, అంటే పని మానేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే సొమ్ము, లెక్క కట్టారు. ఆయన సంతకం చేయలేదు, గొంతు పెంచనూ లేదు. ఒక్క రోజు గడువు అడిగి, గదికి వచ్చి ఇంటికి ఫోన్ చేశారు.

ఆయన భార్య ట్రంకు పెట్టెలో, పట్టుచీరల అడుగున, రేషన్ కార్డు ఉన్న ప్లాస్టిక్ కవరులోనే 2017 నాటి మొదటి కాంట్రాక్టు కూడా ఉంది. మడతల దగ్గర చిరిగినా, పనిలో చేరిన తేదీ చక్కగా కనిపిస్తోంది. ఆమె దానిని ఫోటో తీసి పంపారు.

దుబాయి ఉన్న ఎమిరేట్స్ దేశంలో 2022 ఫిబ్రవరి నుండి అమలులో ఉన్న కార్మిక చట్టం ప్రకారం మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల, ఆపైన ఏడాదికి 30 రోజుల బేసిక్ జీతం గ్రాట్యుటీగా ఇవ్వాలి. తానుగా మానుకున్నా అది తగ్గదు. అంటే 105 రోజులూ 60 రోజులూ కలిపి 165 రోజులు, రోజుకు 50 చొప్పున 8,250 దిర్హాములు. మళ్లీ చెబుతున్నాను, 2,100 కాదు, 8,250.

అక్కడివారు మొహ్రే అని పిలిచే కార్మిక మంత్రిత్వ శాఖకు ఆయన ఫోన్‌లోని యాప్ ద్వారానే ఫిర్యాదు చేశారు. రాజీ సమావేశంలో ఆ ఫోటో చూశాక కంపెనీ ప్రతినిధి మిగతా సొమ్ము ఇవ్వడానికి ఒప్పుకున్నారు. 50,000 దిర్హాముల లోపు తగాదాలపై 2024 జనవరి నుండి ఆ శాఖే నిర్ణయం ఇవ్వగలదు కూడా. ఇళ్లలో పనిచేసేవారికి మాత్రం వేరే చట్టం ఉంది. కంపెనీ మోసం చేయాలనుకుందని నేను అనను. లెక్కలు చూసేవారి ఫైలులో చివరి కాంట్రాక్టే ఉండి ఉండవచ్చు. అయితే చదవలేని భాషలోని కాగితం మీద సంతకం చేసి, ఉత్త చేతులతో తిరిగివచ్చినవారిని తలచుకుంటే నాకు మనసు కలుక్కుమంటుంది.

కొడుకో అల్లుడో గల్ఫ్‌లో ఉన్నవారు, మొదటి కాంట్రాక్టు నకలు ఇంట్లో ఉందో లేదో ఈ రాత్రే చూడండి. లేకపోతే ఫోటో పంపమనండి. ఇంకా బయలుదేరనివారు, ఇక్కడ చూపిన కాంట్రాక్టునూ అక్కడ సంతకం చేయమన్న కాంట్రాక్టునూ పక్కపక్కన పెట్టి బేసిక్ జీతం అంకెను సరిపోల్చుకోవాలి, ఎందుకంటే గ్రాట్యుటీని కట్టేది చేతికొచ్చే మొత్తం జీతం మీద కాదు, ఆ ఒక్క అంకె మీదే.