డీజిల్‌లో నీళ్లు పడితే ఫోర్ బై ఫోర్ కూడా ఆగిపోద్ది

అందరికీ నమస్కారమండి. వానలు మొదలయ్యాయంటే మన హైదరాబాద్‌లో ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకీ ఇంజిన్ పవర్ అందే) బండ్లున్నోళ్లకి ఇంట్లో కాలు నిలవదు, నల్లమలకో మారేడుమిల్లికో, సెలవు దొరికితే ఏకంగా లడఖ్‌కే. పెద్ద టైర్లు, దిగబడితే బండిని లాక్కునే వించ్, పైన లైట్లు అన్నీ పెట్టిస్తారు గానీ ట్యాంకులో ఏం పోస్తున్నారో మాత్రం చూస్కోరు. బురదలో దిగబడితే ఏ ట్రాక్టరో వచ్చి లాగుతుంది, కానీ నీళ్లు కలిసిన డీజిల్ ఇంజిన్‌లోకి వెళ్లాక లాగితే ఏం లాభం?

పాత జీపులు ఎలాంటి డీజిల్ పోసినా దగ్గుకుంటూ అయినా ఊరు చేరేవి. ఇప్పటి కామన్ రైల్ ఇంజిన్లు, అంటే పంపు నుంచి డీజిల్ ఒకే పైపులోకి గట్టి ప్రెషర్‌తో వెళ్లి అక్కడి నుంచి అన్ని ఇంజెక్టర్లకీ అందేవి, అలా కాదు, వాటిలో చాలావరకు డీజిల్ ప్రెషర్ 1,600 నుంచి 2,000 బార్ దాకా ఉంటుంది, మన కారు టైర్లో గాలేమో 2 బార్ చిల్లర. పంపు లోపల పార్టుల మధ్య సందు మైక్రాన్లలో, ఆ పార్టులు అరగకుండా కాపాడేది కూడా ఆ డీజిలే, అక్కడికి నీళ్లు చేరితే ఇనుమూ ఇనుమూ రాసుకుని పొడి రాలి ఆ పొడి ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ల దాకా పోతుంది, ఇక బిల్లు సంగతి చెప్పక్కర్లేదు.

మనాలీ-లేహ్ రోడ్డు మీద తాండి బంకు దగ్గర, తర్వాతి బంకు 365 కిలోమీటర్లు అని ఒక బోర్డు ఉండేది, చాలామంది దాని పక్కన ఫోటో దిగే ఉంటారు. అలాంటి దారుల్లో ఒక్కోసారి డ్రమ్ముల్లో పెట్టి అమ్మే లూజ్ డీజిలే దిక్కు. తప్పక కొనాల్సొస్తే ముందు ఒక గాజు సీసాలో పట్టి కాసేపు కదపకుండా ఉంచండి, నీళ్లు బరువు కాబట్టి అడుక్కి దిగిపోతాయి, మసకగా కనిపిస్తే అసలు వద్దు. బాగుంటే నీళ్లు ఆపే ఫిల్టర్ ఉన్న గరాటుతో పోయించండి, డ్రమ్ము అడుగున మిగిలింది మాత్రం ఫ్రీగా ఇచ్చినా పోయించుకోవద్దు.

బంకైతే లారీలు ఎక్కువగా ఆగేది చూస్కోండి, అక్కడ సరుకు నిలవ ఉండదు. ట్యాంకర్ అన్‌లోడ్ చేస్తుంటే ఆగకుండా పక్క బంకుకి పొండి, అడుగున ఉన్న మడ్డి అంతా పైకి లేస్తుంది అప్పుడు. రాత్రి చలిలో బండి ఆపేటప్పుడు ట్యాంకు నిండుగా ఉంటే లోపల చెమ్మ తక్కువ పడుతుంది. పెట్రోల్ బండి వాళ్లూ నవ్వుకోకండి, ఇథనాల్ కలిపిన పెట్రోల్‌లో నీళ్లు ఎక్కువైతే ఇథనాల్ కూడా నీళ్లతో పాటే కిందికి దిగిపోద్ది, పంపు పీల్చేది ఆ కిందిదాన్నే.

బయల్దేరే ముందే రాణిగంజ్‌లోనో షోరూంలోనో ఒరిజినల్ ఫ్యూయల్ ఫిల్టర్ ఒకటి ఎక్స్‌ట్రా కొని, దాన్ని మార్చడం, మార్చాక లైన్‌లో గాలి తీయడం మీ మెకానిక్ దగ్గర ఒకసారి చేతులతో చేసి నేర్చుకోండి, అడవిలో సిగ్నల్ లేనిచోట యూట్యూబ్ రాదు.

దారిలో డీజిల్‌లో నీళ్లున్నాయని లైటు వెలిగితే ఇంకో పది కిలోమీటర్లు చూద్దాంలే అనుకోకండి. బండి ఆపి ఫిల్టర్ కింద డ్రెయిన్ తిప్పి నీళ్లు పోయి శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా వదలండి, పట్టడానికి ఒక డబ్బా పెట్టుకోండి, నేల మీద పారబోయొద్దు. అందులోంచి కొంచెం సీసాలో పట్టి బంకు బిల్లుతో పాటు దాచండి, రేపు ఎవరితోనైనా గొడవ పడాల్సొస్తే చూపించడానికి అవే ఉంటాయి.