ఆ ప్రశ్న ఎవరిని అడిగింది?

శ్రోతలకు నమస్కారం.

చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లెల్లో ఎండలు ముదిరాయంటే ధర్మరాజుల గుళ్ల దగ్గర భారతం మొదలవుతుంది. చాలా ఊళ్లలో 18 రోజులు జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధి నాటకం. పగలు విన్న ఘట్టాన్నే రాత్రి ఆడతారు. కథలో ఏం జరగబోతోందో పసిపిల్లలకు కూడా తెలుసు. అయినా తెల్లవారేదాకా జనం కదలరు. తెలిసిన కథ వాళ్లను అంతసేపు ఎలా కూర్చోబెడుతోంది? నటుడు ఎక్కడ నిలబడ్డాడు, మనం ఎక్కడ కూర్చున్నాం, ఆ రెండు చోట్ల మధ్య మాట ఎలా నడిచింది అన్నదాంట్లోనే నాటకానికి సగం అర్థం ఉందని నేను నమ్ముతాను. ఈ మాట మన భారతాలు చూసే నేర్చుకున్నాను.

ద్రౌపదీ వస్త్రాపహరణం ఆడే రాత్రిని తీసుకోండి. ఆట జరిగే చోటు జనం కూర్చున్న నేలకు సమానంగానే ఉంటుంది. వెనుక హార్మోనియం, మృదంగం, తాళాలు. మిగిలిన మూడు వైపులా ప్రేక్షకులు. నటుల మీద పడే వెలుగే జనం ముఖాల మీదా పడుతుంది. భీష్ముడికీ, ద్రోణుడికీ, విదురుడికీ, కొలువులోని ప్రతి పెద్దకీ వేషం కట్టేంతమంది బృందంలో ఉండరు. అప్పుడు ద్రౌపది వేషధారి తిరిగి చూసేది ఎవరి వైపు? ముందు వరసలో కూర్చున్న ఊరి పెద్దల వైపే. తనను తాను ఓడిపోయినవాడికి భార్యను పణంగా ఒడ్డే హక్కు ఎక్కడిదని ఆమె అడుగుతుంది. వేల ఏళ్లుగా జవాబు దొరకని ప్రశ్న అది. భారతంలో భీష్ముడు ధర్మం సూక్ష్మమైనదని తప్పుకుంటాడు, దుర్యోధనుడి తమ్ముళ్లలో వికర్ణుడొక్కడే ఆమె పక్షాన నోరు తెరుస్తాడు. ఆ రాత్రి ఊరు కూడా జవాబు చెప్పదు. ఆ మౌనంతో ఊరే కురుసభ అయిపోతుంది. రాగం తీసి పాడే పద్యం మనల్ని కదిలిస్తుంది, నిజమే. కానీ ఆ పద్యం మన ముఖంలోకి చూస్తూ వచ్చినప్పుడు మనం శ్రోతలుగా మిగలం, సాక్షులమవుతాం.

ఇదే ఘట్టాన్ని పట్టణంలోని హాలులో చూస్తే ఎత్తయిన వేదిక మీద దీపాలు వెలుగుతుంటాయి, మనం చీకట్లో ఉంటాం. నటికి మన కళ్లు కనబడవు. ప్రశ్న మన తలల మీదుగా వెళ్లిపోతుంది. పంతొమ్మిదో శతాబ్దం చివర పార్సీ, ధార్వాడ నాటక సమాజాల ప్రభావంతో ముందు తెర, వెనుక రంగుల తెరలు ఉన్న ఈ పద్ధతి తెలుగు నాటకంలో స్థిరపడింది. దానివల్ల మనకు చాలా మేలు జరిగింది. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన కన్యాశుల్కం వాడుక భాషకు వేదిక మీద గౌరవం తెచ్చింది. నాలుగు గోడల ఇల్లు, ఆ ఇంట్లో గొంతు తగ్గించి ఆడే మాటలు, వాటికి ఆ తెరల వేదిక బాగా కుదిరింది. ఊరంతటినీ సాక్ష్యానికి పిలిచే ద్రౌపదికి మాత్రం అది ఇరుకు.

వీధి నాటకంలో ఏ భాషకు ఆ చోటు ఉంటుంది. భుజకీర్తులు, కిరీటం పెట్టుకున్న రాజు నడుమ నిలబడి పద్యంలో, దరువు అనే పాటలో మాట్లాడతాడు. హాస్యగాడు అంచున, జనానికి దగ్గరగా తిరుగుతూ మన ఇళ్లలో మాటలే మాట్లాడతాడు. రాజు పాడిన పద్యాన్ని అతను చిలిపిగా విప్పి చెబుతాడు, ఊళ్లో నీళ్ల ఎద్దడిని కూడా అందులోకి లాక్కొస్తాడు. గ్రాంథికానికీ వాడుకకూ మధ్య ఉన్న దూరాన్ని అతని నాలుగు అడుగులు కొలుస్తాయి. ఒక చోటి నుంచి మరో చోటికి వెళ్లాలంటే రంగం మార్చే పని లేదు. నటుడు ఒక చుట్టు తిరిగి, అడవికి వచ్చానంటే అడవే. ఇలా తిరగడం స్థలం మారడానికి గుర్తు అని నాట్యశాస్త్రం ఏనాడో చెప్పింది.

అర్జునుడి తపస్సు రోజున నాటకం నిలువుగా లేస్తుంది. గుడి ముందు పాతిన తపస్సు మాను ఎక్కుతూ నటుడు పద్యాలు పాడతాడు. సంతానం కోరే స్త్రీలు తడిబట్టలతో మాను కింద ఉంటారు. పైనుంచి అతను విసిరే నిమ్మపండు కోసం కొంగు పడతారు. కింద చెప్పివుంటే కథగా వినే పద్యం, అంత ఎత్తు నుంచి వచ్చేసరికి వరంగా వినిపిస్తుంది. చివరి రోజు ఆరుబయట మట్టితో చేసిన దుర్యోధనుడి భారీ విగ్రహం నేల మీద పడుకుని ఉంటుంది. భీముడు దాని తొడ మీద కొడతాడు, ద్రౌపది జుట్టు ముడి వేసుకుంటుంది. సాయంత్రం అగ్నిగుండం. ఇక అక్కడ నటుడెవరు, భక్తుడెవరు అని విడదీయలేం.

తిరుపతి గంగ జాతరలో అయితే పట్టణమంతా రంగస్థలమే. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం... పాలెగాడిని వెతుకుతూ అమ్మవారు వేసిన వేషాలుగా వీటిని చెప్పుకుంటారు. దొర వేషంలో అతని తల నరుకుతుంది, మాతంగి వేషంలో అతని భార్యను ఓదారుస్తుంది. మామూలు రోజున నోరు జారితే తగవయ్యే తిట్టు ఆ వారంలో మొక్కుగా చెల్లుతుంది. మాట అదే, చోటూ కాలమూ మారాయి.

ఒక విషయం నన్ను బాధపెడుతుంది. మనుషులు ఆడే నాటకానికి 64 మూరల పొడవు, 32 మూరల వెడల్పు ఉన్న నాట్యమండపం మేలని నాట్యశాస్త్రకర్త భరతుడు అన్నాడు. అంతకు మించితే మాట స్పష్టంగా వినబడదు, ముఖంలో భావం కనబడదని కారణం కూడా చెప్పాడు. ఇప్పుడు మైకులు పెట్టి ఎంత జనానికైనా వినిపిస్తున్నాం. కానీ ద్రౌపది ఎడమ వైపు నిలబడి అడుగుతుంటే, ఆమె గొంతు కుడి వైపు స్తంభానికి కట్టిన లౌడ్‌స్పీకరు నుంచి వస్తోంది. చూపు ఒక వైపు, మాట ఒక వైపు అయిపోయాయి. రేడియోలో పనిచేసేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. ఇక్కడ కంటికి ఏమీ కనబడదు కాబట్టి, నటుడు మైకుకు ఎంత దూరంలో నిలబడాలన్నది ఎంతో జాగ్రత్తగా చూసుకుంటారు. రెండడుగులు వెనక్కి జరిగితే శ్రోతకు అది పక్క గది.

చిత్తూరులో నాగయ్య పేరిట కళాక్షేత్రం ఉంది, తిరుపతిలో మహతి ఆడిటోరియం ఉంది. అక్కడ భారత ఘట్టాలు ఆడించేవారికి నా మనవి ఒక్కటే. ద్రౌపది ప్రశ్న అడిగే ఆ కాసేపు ప్రేక్షకుల వైపు దీపాలు కూడా వెలిగించండి. వీలైతే ఆమెను మెట్లు దిగి మొదటి వరస దాకా రానివ్వండి, మైకు లేకుండా అడగనివ్వండి.