అంతర్వేది: యాత్రకు వెళ్లేవారికీ, స్థలం కొనదలచినవారికీ

నమస్కారం. ఈ వీడియోలో కోనసీమ కొసన ఉన్న అంతర్వేది గ్రామాన్ని రెండు రకాల ప్రేక్షకుల కోసం సమీక్షిస్తున్నాను. ఒకరు రెండు రోజులు చూసి రావాలనుకునేవారు, రెండవవారు అక్కడ నాలుగు సెంట్లో, ఒక చిన్న కొబ్బరి తోటో కొనుక్కోవాలనుకునేవారు. నా అభిప్రాయం ముందే చెబుతాను. యాత్రకైతే నిస్సందేహంగా వెళ్లండి. కొనుగోలుకైతే నీటి సంగతి, రికార్డు సంగతి పూర్తిగా తేలేవరకు ఒక్క రూపాయి కూడా బయానా ఇవ్వకండి.

ధవళేశ్వరం దాటాక పాయలుగా చీలిన గోదావరిలో వశిష్ఠ పాయ బంగాళాఖాతంలో కలిసే చోటే అంతర్వేది. ఇది సఖినేటిపల్లి మండలంలో, 2022లో ఏర్పడిన డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లాలో ఉంది. రైలులో వచ్చేవారు నరసాపురంలో దిగి, రేవుకు చేరి, పంటు మీద గోదావరి దాటి సఖినేటిపల్లి ఒడ్డున దిగవచ్చు. మోటారు సైకిళ్లు, కార్లు, గంపలతో వచ్చే చిల్లర వర్తకులు, పెళ్లికి వెళ్లేవారు అందరూ ఒకే పంటు మీద ఏరు దాటే ఆ కొద్ది నిమిషాలు ఈ ప్రయాణంలో నాకు ఎంతో ఇష్టమైన భాగం. అయితే గోదావరి వరద మీద ఉన్నప్పుడు పంటు నిలిపివేస్తారు కనుక, వర్షాకాలంలో కారులో వచ్చేవారు చించినాడ వంతెన దాటి, దిండి, మలికిపురం మీదుగా రావడమే మేలు.

లక్ష్మీనరసింహస్వామి ఆలయాన్ని ప్రస్తుత రూపంలో నిర్మింపజేసినవారు 19వ శతాబ్దానికి చెందిన కొపనాతి కృష్ణమ్మ. ఇక్కడ స్వామి పడమటి ముఖంగా కొలువై ఉంటాడు. మాఘ శుద్ధ దశమి రాత్రి కల్యాణం, మరునాడు భీష్మ ఏకాదశికి రథోత్సవం జరుగుతాయి. 2020 సెప్టెంబరులో పాత రథం అగ్నికి ఆహుతైనప్పుడు భక్తులు ఎంత తల్లడిల్లారో, కొద్ది నెలల్లోనే తయారైన కొత్త టేకు రథం 2021 ఫిబ్రవరిలో కదిలినప్పుడు అంత సంతోషించారు. ఉత్సవాల రోజుల్లో ఊళ్లో బస దొరుకుతుందనే ఆశ పెట్టుకోకుండా నరసాపురంలోనో, రాజోలులోనో, దిండిలోనో ముందుగానే గది చూసుకోవాలి. జనసమ్మర్దం వద్దనుకునేవారికి కార్తీకం వెళ్లాక, మాఘ ఉత్సవాలకు ముందు ఉండే చలిరోజులు అనుకూలం.

గుడి తరువాత తప్పక చూడవలసినది గోదావరి సముద్రంలో కలిసే చోటైన అన్నాచెల్లెళ్ల గట్టు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో వెళితే ఎర్రమట్టి కలిసిన గోదావరి నీరు ఒక పక్కన, ఆకుపచ్చ ఛాయతో ఉప్పునీరు మరొక పక్కన, వాటి మధ్య నురుగుతో కూడిన గీత స్పష్టంగా కనిపిస్తాయి. ఆ గీత ఒకచోట నిలవదు. పోటు సమయంలో నదిలోకి జరుగుతుంది, పాటు సమయంలో సముద్రం వైపు తగ్గుతుంది. చలికాలంలో గోదావరి తేరుకున్నాక ఈ తేడా బాగా పలచబడుతుంది కనుక, అప్పుడు వెళ్లినవారు నిరాశ పడకూడదు. సంగమం దగ్గర నది ప్రవాహం, సముద్రపు ఆటుపోట్లు ఢీకొనడం వల్ల అడుగున ఇసుక కదులుతూ ఉంటుంది. ఈత వచ్చినవారైనా అక్కడ లోతుకు దిగకూడదు. పిల్లలను తీసుకువెళ్లేవారు ఈ మాటను దయచేసి తేలికగా తీసుకోవద్దు.

చేపల కోసం వెళ్లేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరమంతటా మరపడవల వేట నిషేధం అమలులో ఉంటుంది. ఆ రెండు నెలలు పల్లిపాలెం రేవులో పడవలు ఒడ్డునే ఉంటాయి, వలలు బాగుచేసుకునే పనులు మాత్రమే కనిపిస్తాయి.

ఇప్పుడు కొనుగోలు విషయానికి వస్తాను. అసలు ఈ వీడియో చేయడానికి కారణం ఇదే.

సముద్ర తీరానికి నిర్దేశించిన పోటు రేఖ (పోటు నీరు చేరే హద్దు) నుంచి 500 మీటర్ల వరకు తీర ప్రాంత నియంత్రణ జోన్, అంటే సీఆర్‌జెడ్ నిబంధనలు వర్తిస్తాయి. గ్రామీణ తీరంలో సాధారణంగా మొదటి 200 మీటర్లలో కొత్త నిర్మాణాలకు అనుమతి ఉండదు. జనసాంద్రత బాగా ఎక్కువగా ఉన్న గ్రామాలకు ఈ దూరాన్ని 50 మీటర్లకు తగ్గించే వెసులుబాటును 2019 నోటిఫికేషన్ కల్పించినా, మీ సర్వే నంబరు ఏ తరగతిలోకి వస్తుందో ఆమోదం పొందిన తీర నిర్వహణ పటంలో చూసుకున్న తరువాతే నమ్మాలి. అంతర్వేదికి ఉన్న ప్రత్యేకమైన చిక్కు ఏమిటంటే, ఈ నియంత్రణ సముద్రానికే పరిమితం కాదు. పోటు నీరు ఎక్కే నదికి, కాలువలకు కూడా ఇది వర్తిస్తుంది. “బీచికి కిలోమీటరు దూరం, ఏ ఇబ్బందీ లేదు” అని మధ్యవర్తి చెప్పే స్థలం గోదావరికి ఎంత దూరంలో ఉందో కూడా కొలిపించుకోవాలి.

తరువాతది రికార్డు. తీరం వెంట ప్రభుత్వ భూములు, పేదలకు ఇచ్చిన డి-పట్టా (అసైన్డ్) భూములు, దేవాదాయ భూములు పక్కపక్కనే ఉంటాయి. అసైన్డ్ భూముల బదలాయింపును 1977 నాటి చట్టం నిషేధించింది. 2023లో చేసిన సవరణ 20 ఏళ్లు నిండిన భూముల విషయంలో షరతులతో సడలింపు ఇచ్చినా, షరతులు తీరాయో లేదో న్యాయవాది చేత పరిశీలింపజేయకుండా కొనడం సాహసమే. అడంగల్, 1బి అనే భూమి రికార్డుల నకళ్లను ప్రభుత్వ వెబ్‌సైటు మీభూమిలో చూసుకోవాలి, భూమి మీద ఉన్న లావాదేవీలను, తాకట్టులను చూపే ఈసీ తీయించుకోవాలి, ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22-ఏ నిషేధిత జాబితాలో ఉందేమో సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో అడగాలి. కోనసీమ భూగర్భంలో గ్యాస్ గొట్టాలు ఉన్నాయన్నదీ మరువరాదు. 2014 జూన్‌లో నగరం అనే గ్రామంలో జరిగిన గ్యాస్ గొట్టం పేలుడు ఎన్ని కుటుంబాలను చిదిమివేసిందో ఈ ప్రాంతంవారికి తెలుసు. గొట్టం వెళ్లే పట్టీ మీద ఇల్లు కట్టనివ్వరు.

కాగితాలన్నీ సరిగా ఉన్నా, నీరు సరిగా లేకపోతే ఆ తోట మీకు నిలవదు. ఇసుక నేలల్లో పైపొరలోనే తీపి నీరు ఉంటుంది, బోరు లోతుకు దించితే ఉప్పునీరు తగులుతుంది. అందుచేత వానలు వెలిశాక, అన్ని బావులూ తియ్యగా ఉండే రోజుల్లో కాకుండా, మే నెలలో వెళ్లి ఆ బావి నీరు నోట వేసుకుని చూడండి. పక్క పొలంలో రొయ్యల చెరువు ఉంటే మరింత జాగ్రత్త అవసరం. తోటను చూసేటప్పుడు కాయలను లెక్కపెట్టడం కంటే చెట్ల తలలను చూడడం ముఖ్యం. ఆరోగ్యంగా ఉన్న చెట్టు తల గుండ్రంగా, నిండుగా ఉంటుంది. వేరుకు ఉప్పు తగిలిన చెట్టుకు మట్టలు పసుపు పచ్చబడి, కురచగా మారి, పిందె రాలుతుంది, మాను పైకి వెళ్లే కొద్దీ సన్నబడుతుంది. రాజోలు ప్రాంతంలో శంకరగుప్తం డ్రెయిన్ వెంట పోటు నీరు ఎగదన్ని తోటలకు తోటలే మోడువారాయి. ఆ రైతుల కష్టం చూసినవారెవరూ చవకగా వచ్చిందని డ్రెయిన్ పక్క భూమి కొనరు. 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమ కొబ్బరిని నేలకూల్చిన తీరు కూడా ఈ లెక్కలో ఉండవలసిందే.

విదేశాల్లో ఉన్న మన తెలుగువారికి ప్రత్యేకంగా ఒక మాట. ఎన్నారైలు, ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చే) కార్డుదారులు వ్యవసాయ భూమిని, తోటను, ఫాంహౌస్‌ను కొనడానికి విదేశీ మారక నిర్వహణ చట్టం, అంటే ఫెమా నిబంధనలు అనుమతించవు. ఇల్లు, ఇంటి స్థలం కొనుక్కోవచ్చు. ముందు బంధువు పేరున తోట కొని తరువాత మార్పించుకుందామని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి.

ఇంత విన్నాక కూడా ఈ ప్రాంతంలో ఇల్లు ఉండాలన్న కోరిక బలంగా ఉన్నవారు, తీరాన్ని వదిలి మలికిపురం, రాజోలు వైపు మెరక మీద ఉన్న ఊళ్లలో, పాత దస్తావేజు గల పట్టా స్థలాన్ని వెతుక్కోవాలని నా సలహా. అక్కడి నుంచి అంతర్వేదికి ఉదయం బయలుదేరి, స్వామి దర్శనం చేసుకుని, గట్టు చూసుకుని, చీకటి పడకముందే ఇల్లు చేరుకోవచ్చు.