ఫ్లెక్స్ మెంటాలో రంగులు మార్చి కథ ముగింపునే చెరిపేశారు

ఫ్లెక్స్ మెంటాలో అనే అమెరికన్ కామిక్స్ కథకు కొత్త రంగులు వేయించినవారు ఆ కథ ముగింపును చెరిపేశారు. ఈ మాటను మెత్తబరచి చెప్పదలచుకోలేదు. 2012లో దాని ప్రచురణ సంస్థ డీసీ పాత సంచికలన్నీ కలిపి గట్టి అట్టతో తెచ్చిన సంపుటిలో టామ్ మెక్‌క్రా వేసిన పాత రంగులన్నీ తీసివేసి, పీటర్ డోహర్టీ చేత కొత్తవి వేయించడం మీద నడిచిన గొడవ మీ అందరికీ తెలిసిందే కనుక దాన్ని మొదటి నుంచి చెప్పను. ఆ గొడవలో ఇరుపక్షాలవారూ అభిరుచి గురించే వాదించుకున్నారు. ఒకరికి పాత రంగులు కళ్లు చెదిరేలా కనిపించాయి, మరొకరికి కొత్తవి వెలవెలబోయినట్టు తోచాయి. నా వాదన అభిరుచికి సంబంధించినది కాదు. పాత రంగులు కథలో భాగమని, చివరి సంచికలో బయటపడే నిజానికి అవే మొదటి పుట నుంచి సాక్ష్యం చెబుతున్నాయని, ఆ సాక్ష్యాన్ని ఇప్పుడు పాఠకుడి చేతికి అందకుండా చేశారని అంటున్నాను.

గ్రాంట్ మారిసన్ రాయగా ఫ్రాంక్ క్వైట్‌లీ బొమ్మలు వేసిన ఈ నాలుగు సంచికల కథను డీసీ వెర్టిగో అనే తన ప్రచురణ శాఖ పేరుతో 1996లో వెలువరించింది. వాలీ సేజ్ అనే రాక్ గాయకుడు వానలో తడుస్తూ ఒక సందులో కూలబడి, మాత్రలు మింగేశానని ఆత్మహత్యల నివారణ కేంద్రానికి ఫోన్ చేసి, ప్రాణం పోయేలోపు తన చిన్ననాటి కామిక్స్ గురించి చెప్పుకుంటూ పోతాడు. మరోపక్క, చిన్నప్పుడు అదే వాలీ పెన్సిల్‌తో గీసుకున్న ఫ్లెక్స్ అనే వీరుడు చిరుతపులి మచ్చల చెడ్డీతో, తన పాత సహచరుడు ఫ్యాక్ట్ జాడ కోసం నగరమంతా తిరుగుతాడు. వీటి మీదుగా సూపర్‌హీరో కామిక్స్ చరిత్ర కూడా నడుస్తుంది. 1938లో సూపర్‌మ్యాన్‌తో మొదలైన స్వర్ణయుగం, 1956 తర్వాతి రజతయుగం, 1986 తర్వాత వీరుల కథలు కరకుగా, నిస్పృహగా మారి కమ్ముకున్న చీకటి యుగం, ఆ పైన ఇంకా రాని యుగం, సంచికకు ఒకటి చొప్పున వస్తాయి. ఇన్ని పొరలున్న పుస్తకాన్ని ఒక్కసారి తిరగేసి పక్కన పెట్టినవారే ఎక్కువమంది కావడం వల్ల కూడా అదే జంట ఆ తర్వాత చేసిన ఆల్ స్టార్ సూపర్‌మ్యాన్‌కు దక్కిన పేరులో పదో వంతు కూడా దీనికి దక్కలేదు.

ఇక నాలుగో సంచిక దగ్గరకు రండి. తాను మింగినవి మాత్రలు కావని, ఎం అండ్ ఎం చాక్లెట్ గోళీలని అక్కడ వాలీ చెబుతాడు. మన దగ్గర పిల్లలు కిరాణా కొట్లో జెమ్స్ అని అడిగి కొనుక్కునే రకం అవి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నీలం. ఇప్పుడు 1996 నాటి విడి సంచికల్లో మెక్‌క్రా వేసిన రంగులను ఒకసారి గుర్తు చేసుకోండి. ఫ్లెక్స్ తిరిగే లోకమంతా గులాబీ, ఊదా, పచ్చ, నారింజ రంగులతో మిఠాయి అంగడిలో నిలబడినట్టుంటుంది. చావబోతున్నానని ఒక మనిషి చెబుతున్న కథకు ఇంత తియ్యని రంగులెందుకని ఆ రోజుల్లో చదివినవారు విసుక్కున్నారు. ఎందుకో నేను చెబుతాను. వాలీ నోటిలో కరుగుతున్నది ఏమిటో పుటల మీది రంగు ముందే చెప్పేస్తోంది. అతడు చావడని, అతడి కడుపులో విషం లేదని, ఉన్నదంతా బాల్యమేనని మొదటి సంచికలోనే మన కళ్లకు తెలిసిపోతోంది, బుద్ధికి మాత్రం నాలుగో సంచిక దాకా తెలియదు. ఇది మారిసన్ ఎక్కడో చెప్పిన మాట కాదు. ఇది నా సిద్ధాంతం, దీని మీద నేను గట్టిగా నిలబడతాను.

పోనీ, ఈ కథలో రంగుకు ఇంత పని ఉందనడానికి ఆధారమేమిటని అడుగుతారేమో. సూపర్‌మ్యాన్‌కు అతడి బలం హరించే క్రిప్టోనైట్ రాయి ఉన్నట్టే ఫ్లెక్స్‌కు మెంటాలియం అనే ఖనిజం ఉంది, అందులో ఒక్కో రకం అతడి మీద ఒక్కో విధంగా పనిచేస్తుంది, ఆ రకాల్లో అనేకం రంగుల పేర్లతోనే ఉన్నాయి. రంగు మారితే మనిషే మారిపోతాడని కథ తన నోటితో తానే చెబుతున్నప్పుడు, పుస్తకం మొత్తానికి రంగు మార్చి కథను మాత్రం అలాగే ఉంచామని ఎలా చెప్పుకుంటారు?

నల్లగొండ రామగిరిలో మా పఠన బృందం ఆదివారాల్లో కూర్చునే గదిలో పాత సంచికను, కొత్త సంపుటిని ఒకే బల్ల మీద పక్కపక్కన తెరిచి పెట్టి చూశాం. ఫ్లెక్స్ కండలు బిగించగానే అతడి తల మీద గాలిలో తేలే "బీచ్ వీరుడు" అనే అక్షరాల పుటలను రెండింటిలోనూ వెదికి తీశాం. పాతదాని కాగితం అంచుల్లో పసుపెక్కినా ఆ బొమ్మ ఇప్పటికీ పండగ నాటి ముగ్గులా పుట దాటి మీదికి వస్తోంది. కొత్తదానిలో కాగితం తెల్లగా, మందంగా, నున్నగా ఉంది, క్వైట్‌లీ గీసిన ప్రతి సన్నని గీత, చొక్కా మీది ప్రతి ముడత స్పష్టంగా కనిపిస్తోంది, కాని లోకమంతా బూడిద, గోధుమ రంగుల్లోకి దిగిపోయి, ఫ్లెక్స్ నగరానికి, వాలీ కూలబడిన సందుకు ఒకే వాన పట్టినట్టుంది. గీతలు బాగా కనబడుతున్నాయి కదా అని కొత్త రంగులను మెచ్చుకునేవారికి నా జవాబు ఇదే. గీత కనబడింది, కథ కనబడలేదు. డోహర్టీ పనిమంతుడు, ఆ పనితనాన్ని నేను తక్కువ చేయను. తప్పు ఆ పనిని ఈ పుస్తకానికి చేయమన్న నిర్ణయంలో ఉంది.

నాకు కోపం తెప్పించేది ఇంకొకటుంది. పాలమూరు, వనపర్తి, దేవరకొండ నుంచి ఈ ఛానల్ చూస్తున్న కుర్రవాళ్లలో చాలామంది చదివింది కొత్త సంపుటి మాత్రమే. వారు రాసే వ్యాఖ్యల్లో మళ్లీ మళ్లీ కనిపించే మాట, ఇది నిరాశతో నిండిన కథ అని. చీకటి యుగం తర్వాత కూడా వీరులు తిరిగి వస్తారని నమ్మకంగా చెప్పిన పుస్తకం నిరాశ కథగా పేరు తెచ్చుకుంటోందంటే ఆ పాపం పాఠకులది కాదు.

నల్లగొండ పక్కనున్న పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం చూసినవారికి ఈ పుస్తకం ఎలా పనిచేస్తుందో తొందరగా అర్థమవుతుంది. అక్కడ గర్భగుడిలో పగలంతా లింగం మీద స్తంభం నీడ ఒకటి పడుతుంది, ఆ నీడ ఎదుట నిలబడ్డ ఏ ఒక్క స్తంభానిదీ కాదు. ఫ్లెక్స్‌ను వాలీ ఊహించాడా, వాలీని ఆ వీరుల లోకమే కలగన్నదా అని పాఠకులు కొట్టుకుంటారు గాని, ఏ ఒక్కరికో ఆ నీడను కట్టబెట్టబోతే కథ చేజారుతుంది. ఒక్కొక్క లోకానికి దాని వెలుగు దానికి ఉండాలి, అప్పుడే నీడ నిలుస్తుంది. అన్ని లోకాలకూ ఒకే మసక వెలుగు పరిస్తే ఇక నీడెక్కడిది?

అసలు ఈ పుస్తకం 16 ఏళ్లు తిరిగి అచ్చుకు నోచుకోకపోవడం దగ్గరే అన్యాయం మొదలైంది, దాని వెనుక ఒక దావా కథ ఉంది. పాత అమెరికన్ కామిక్స్ వెనుక పుటల్లో ఛార్లెస్ అట్లాస్ వ్యాయామ పాఠాల ప్రకటన ఒకటి వచ్చేది. బీచ్‌లో ఒక బలశాలి బక్కపలచని కుర్రవాడి ముఖం మీద ఇసుక తన్నుతాడు, కుర్రవాడు పాఠాలు తెప్పించుకుని కండలు పెంచి వచ్చి వాడికి బుద్ధి చెబుతాడు. డూమ్ పట్రోల్ అనే అంతకుముందటి కామిక్స్ ధారావాహికలో మారిసన్ ఆ కుర్రవాడినే ఫ్లెక్స్‌ను చేశాడు. కండలు బిగించి, అయిదు మూలలుండే అమెరికా రక్షణశాఖ పెంటగాన్ భవనాన్ని గుండ్రంగా మార్చబోయిన మహానుభావుడు ఇతడే. ఆ డూమ్ పట్రోల్ సంచిక మీద అట్లాస్ కంపెనీ దావా వేసింది, 2000లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు డీసీ పక్షాన తీర్పు చెప్పింది. గెలిచిన తర్వాత కూడా ప్రచురణకర్తలు మరో 12 ఏళ్లు ఈ నాలుగు సంచికలను ఒక పుస్తకంగా తేలేదు. దావాలో ఉన్నది వేరే సంచిక, శిక్ష పడ్డది దీనికి. అంతకాలం పాత సంచికలను అటక మీద దాచుకున్నవారే ఈ కథను బతికించారు. తీరా తెచ్చిన రోజున వారు దాచుకున్న రంగులనే తీసేశారు.

కనుక నేను అడుగుతున్నది చిన్న కోరిక. కొత్త రంగుల కూర్పు ఉండనివ్వండి, దాన్ని ఇష్టపడేవారు చదువుకుంటారు. దానితోపాటు మెక్‌క్రా రంగుల నాలుగు సంచికలను కూడా అదే సంపుటిలో, రెండో సగంగా, యథాతథంగా అచ్చు వేయాలి. మీలో పాత సంచికలు ఉన్నవారు నాలుగోదాన్ని తెరిచి, వాలీ గోళీల సంగతి బయటపెట్టే పుటను కొత్త సంపుటి పక్కన పెట్టి, రెండూ కలిసి కనబడేలా ఫోటో తీసి నాకు పంపండి. వచ్చే వీడియోలో వాటన్నిటినీ ప్యానెల్‌కు ప్యానెల్ పోల్చి చూపిస్తాను, నా సిద్ధాంతం తప్పని ఎవరైనా అంటే ఆ పుటల మీదే వేలు పెట్టి చూపించి వాదించాలి.