విండోస్ 10 నుంచి 11కి మారాలా, వద్దా?

నమస్కారం. విండోస్ 10 వాడుతున్నవాళ్లు విండోస్ 11కి మారాలా, వద్దా అన్నదే ఈ వీడియో. మిమ్మల్ని ఆఖరి దాకా కూర్చోబెట్టకుండా నా తీర్పు ముందే చెప్పేస్తాను. మీ కంప్యూటర్‌కు అధికారికంగా అర్హత ఉంటే మారిపోండి, ఇక వాయిదా వేయకండి. అర్హత లేకపోతే మాత్రం దొడ్డిదారిన ఎక్కించకండి. ఈ రెంటికీ మధ్య ఇంకొందరున్నారు: కంప్యూటర్‌కు అర్హత ఉన్నా తెర మీద "లేదు" అని చూపించేవాళ్లు. వాళ్ల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

"చక్కగా పనిచేస్తున్నదాన్ని ఎందుకు మార్చాలి?" అని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 2015 జూలై 29న వచ్చిన విండోస్ 10ను పదేళ్ల పాటు నమ్ముకుని పనిచేసుకున్నాం. కానీ 2025 అక్టోబరు 14తో దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. అలాగని కంప్యూటర్ ఆగిపోదు, మీ ఫైళ్లు ఎక్కడికీ పోవు. ఆగిపోయింది నెలనెలా వచ్చే భద్రతా ప్యాచ్‌లు, అంటే లోపాలను పూడ్చే సవరణలు.

ఇక్కడ అసలు చిక్కు ఏమిటంటే, విండోస్ 10, 11లలో ఉమ్మడి కోడ్ చాలా ఉంది. విండోస్ 11కి ప్రతి నెలా రెండో మంగళవారం ప్యాచ్‌లు వస్తాయి. ప్యాచ్ బయటికి రాగానే దాడి చేసేవాళ్లు దాన్ని విప్పి, ఏ లోపాన్ని పూడ్చారో చూస్తారు. అదే లోపం విండోస్ 10లోనూ ఉంటే, అక్కడ పూడ్చే దిక్కు లేదు. అంటే మద్దతు పోయిన సిస్టమ్ ఉన్నచోటే ఉండిపోదు, నెల గడిచేకొద్దీ ఇంకొంచెం బలహీనపడుతుంది.

ఇది ఊరికే భయపెట్టడం అనుకుంటే 2017 మే నెలను గుర్తు చేసుకోండి. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్, విండోస్‌లో ఫైళ్లు పంచుకునే పాత పద్ధతిలోని ఒక లోపాన్ని పట్టుకుని కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు తనంతట తానే పాకింది. ఎవరూ ఏ లింకూ నొక్కనక్కర్లేకపోయింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు అపాయింట్‌మెంట్లు రద్దు చేసుకున్నాయి. ఆ లోపానికి ప్యాచ్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలో విడుదలైంది. వేసుకున్నవాళ్లు గట్టెక్కారు. 2014 ఏప్రిల్‌లోనే మద్దతు ముగిసిన విండోస్ ఎక్స్‌పీకి మాత్రం, దాడి మొదలయ్యాక గానీ అందరికీ ప్యాచ్ అందలేదు.

సరే, అర్హత సంగతికి వద్దాం. 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్, సెక్యూర్ బూట్, టీపీఎం 2.0, మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉన్న ప్రాసెసర్ కావాలి. సెక్యూర్ బూట్ అంటే నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్‌ను మొదలవనిచ్చే ఏర్పాటు, టీపీఎం అంటే రహస్య కీలను భద్రంగా దాచే ఏర్పాటు. చాలా కంప్యూటర్లు ఆగిపోయేది ప్రాసెసర్ దగ్గరే. ఇంటెల్ అయితే స్థూలంగా 8వ తరం నుంచి, ఏఎండీ అయితే రైజెన్ 2000 సిరీస్ నుంచి పనికొస్తాయి. ఇంటెల్ ఐ5 పక్కన 8250 అని ఉంటే 8వ తరం, 10210 అని ఉంటే 10వ తరం. 7200 అని ఉంటే 7వ తరం కాబట్టి కుదరదు. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పీసీ హెల్త్ చెక్ యాప్ ఇదంతా చూసి చెబుతుంది.

ఇప్పుడు ఆ మధ్యలో ఉన్నవాళ్ల సంగతి. ప్రాసెసర్ కొత్తదే, అయినా "టీపీఎం లేదు" అని వస్తోందా? కంగారుపడి కొత్త కంప్యూటర్ కొనకండి. ఈ తరం ప్రాసెసర్లకు టీపీఎం పనిని ఫర్మ్‌వేర్, అంటే యంత్రంలోనే ఉండే సాఫ్ట్‌వేర్ ద్వారా చేసే ఏర్పాటు ఉంటుంది. విడిభాగాలతో అమర్చుకున్న డెస్క్‌టాప్‌లలో తరచు అది ఆఫ్ చేసి ఉంటుంది, అంతే. కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు తెరవగలిగే బయోస్ సెట్టింగుల్లోకి వెళ్తే ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ అని, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అని కనిపిస్తుంది. దాన్ని ఆన్ చేసి, సేవ్ చేసి బయటికి రండి.

సెక్యూర్ బూట్ దగ్గర మాత్రం తొందరపడకండి. అది పనిచేయాలంటే కంప్యూటర్ లెగసీ అనే పాత బూట్ పద్ధతిలో కాక, యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతిలో మొదలవాలి. మీ డిస్కు ఎంబీఆర్ అనే పాత విభజన పద్ధతిలో ఉంటే, బయోస్‌లో లెగసీ నుంచి యూఈఎఫ్ఐకి మార్చిన మరుక్షణం విండోస్ బూట్ కావడం మానేస్తుంది. డేటా పోయిందని చాలామంది అక్కడే హడలిపోతారు. ఏమీ పోదు, తిరిగి లెగసీకి మారిస్తే మామూలుగా తెరుచుకుంటుంది. సరైన వరుస ఇది: ముందు డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డిస్కు ప్రాపర్టీస్ తెరిచి, వాల్యూమ్స్ ట్యాబ్‌లో పార్టిషన్ స్టైల్ చూడండి. ఎంబీఆర్ అని ఉంటే, బ్యాకప్ తీసుకుని, విండోస్‌తోపాటే వచ్చే ఎంబీఆర్2జీపీటీ సాధనంతో జీపీటీ అనే కొత్త పద్ధతికి మార్చండి. బయోస్‌ను ఆ తర్వాతే ముట్టుకోండి.

ఇక వాడకం ఎలా ఉంటుంది? మొదటి వారం రెండు విషయాలు చిరాకు పెడతాయి. ఒకటి కుడి క్లిక్ మెనూ. మీకు అలవాటైన ఆదేశాల్లో కొన్ని "మరిన్ని ఎంపికలు" వెనక్కి వెళ్లిపోయాయి. రోజుకు వందసార్లు చేసే పనికి ఇంకో క్లిక్ తగిలించడం నాకు ఇప్పటికీ నచ్చదు. షిఫ్ట్ నొక్కి పట్టుకుని కుడి క్లిక్ చేస్తే పాత మెనూ నేరుగా వస్తుంది. రెండోది మధ్యలోకి జరిగిన స్టార్ట్ బటన్. దాన్ని సెట్టింగ్స్‌లో ఎడమకు మార్చుకోవచ్చు. మెచ్చుకోవలసినవీ ఉన్నాయి. కిటికీలను తెర మీద పొందికగా సర్దే స్నాప్ లేఅవుట్లు, ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ట్యాబ్‌లు రోజూ పనికొచ్చేవే. తెర మీద మీరు చేసేవాటిని ఎప్పటికప్పుడు చిత్రాలుగా దాచే రీకాల్ గురించి ఆందోళన పడేవాళ్లకు ఒక్క మాట: అది ఏఐ పనుల కోసం ప్రత్యేక ఎన్‌పీయూ ఉన్న కోపైలట్ ప్లస్ కంప్యూటర్లకే పరిమితం, మీ పాత యంత్రంలోకి రాదు.

వేగం మాటకొస్తే, 4 జీబీ ర్యామ్ చాలన్నది కాగితం మీది మాట. 8 జీబీ కన్నా తక్కువ ఉంటే, లేదా ఇంకా పాత తిరిగే హార్డ్ డిస్కే ఉంటే, ముందు వాటిని మార్చండి. తిరిగే డిస్కు బదులు ఎస్‌ఎస్‌డీ వేస్తే కనిపించే తేడా ముందు ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మార్పూ నిలవదు.

ఫార్మాట్ చేసి కొత్తగా ఎక్కించేవాళ్లు ఇది శ్రద్ధగా వినండి. విండోస్ 11లో 24హెచ్2 లేదా ఆ తర్వాతి వెర్షన్‌ను కొత్తగా ఇన్‌స్టాల్ చేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే, చాలా కంప్యూటర్లలో డిస్కు ఎన్‌క్రిప్షన్, అంటే కీ లేకుండా ఎవరూ చదవలేకుండా డేటాకు తాళం వేయడం, దానంతట అదే మొదలవుతుంది. మంచి ఏర్పాటే. కానీ రేపు బయోస్ అప్‌డేట్ చేశాక 48 అంకెల రికవరీ కీ అడుగుతూ నీలి తెర వస్తే? కీ మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ఆ ఖాతా పాస్‌వర్డ్ మీకు గుర్తులేకపోతే మీ ఫొటోలు మీకే అందవు. దయచేసి ఈ రోజే ఆ కీని కాగితం మీద రాసి దాచండి.

అర్హత లేని కంప్యూటర్ల సంగతి. తనిఖీలను దాటించి ఎక్కించే పద్ధతులు ఇంటర్నెట్‌లో బోలెడున్నాయి. నేను సిఫారసు చేయను. అలాంటి యంత్రాలకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. భద్రత కోసం మారుతూ, ఆ భద్రతనే వదులుకోవడం ఎందుకు? దానికి బదులు విండోస్ 10లోనే, మద్దతు ముగిశాక కూడా చేరినవాళ్లకు భద్రతా ప్యాచ్‌లు ఇచ్చే ఈఎస్‌యూ పథకంలో చేరండి. వ్యక్తిగత వాడకందార్లకు 2026 అక్టోబరు 13 వరకు భద్రతా ప్యాచ్‌లు ఇస్తామన్నారు. 22హెచ్2 వెర్షన్ ఉండాలి, మైక్రోసాఫ్ట్ ఖాతా కావాలి. విండోస్ అప్‌డేట్ పేజీలోనే చేరే లింకు కనిపిస్తుంది. సెట్టింగ్స్ బ్యాకప్‌ను ఆన్ చేస్తే డబ్బు కట్టనక్కర్లేదు. ఆ గడువు తర్వాత బ్రౌజర్, మెయిల్, పత్రాలు వరకే మీ పని అయితే లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఆ పాత యంత్రానికి మంచి ఆశ్రయం. పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడండి, డిస్కును తాకదు. విండోస్‌లో మాత్రమే నడిచే సాఫ్ట్‌వేర్ మీద మీ జీవనోపాధి ఉంటే మాత్రం కొత్త కంప్యూటర్ కోసం ఇప్పటి నుంచే దాచుకోండి.

మారబోయేవాళ్లు ఫైళ్లన్నీ విడిగా ఒక డ్రైవ్‌లోకి తీసుకున్నాకే మొదలుపెట్టండి. అప్‌గ్రేడ్ అయ్యాక నచ్చకపోతే విండోస్ 10కు తిరిగి వెళ్లడానికి 10 రోజుల గడువు ఉంటుంది. అన్నాళ్లూ డిస్క్ క్లీనప్‌తో విండోస్ ఓల్డ్ ఫోల్డర్‌ను తీసేయకండి, తిరుగుదారి అందులోనే ఉంది. ఎప్పుడో ఒకసారి వాడే స్కానర్, ప్రింటర్, డిజిటల్ సంతకం టోకెన్ లాంటివన్నీ ఆ 10 రోజుల్లోనే కలిపి చూడండి. పాత డ్రైవర్ మొరాయించేది సాధారణంగా వాటి దగ్గరే.